ఎనిమిదడుగుల చోటు

ఓడలో వెళ్లే కంటైనర్‌లో మా తెలుగు అసోసియేషన్‌కి దక్కింది ఎనిమిదడుగుల చోటు. మిగతాదంతా ఇర్వింగ్‌లోని ఒక చర్చివాళ్లది. వాళ్లు ఏటా ఆఫ్రికాలో, మలావీ దేశంలోని ఒక పల్లె బడికి సామాను పంపుతారు. 2008లో మమ్మల్నీ కలుపుకున్నారు. ఆ చోటంతా కంప్యూటర్లతో నింపుతామని మా ప్రెసిడెంట్ కృష్ణమోహన్ గారు ఉగాది స్టేజీ మీదే చెప్పేశారు. ఆయన ఆఫీసుకి కొత్తవి వచ్చాయి, పాతవి వదిలించుకోవాలి. పెద్ద పొట్టల మానిటర్లు ప్లేనోలో ఆయన గ్యారేజీ నిండా పేర్చి ఉన్నాయి.

నా పని వాటిని మోయడం. ఇండియన్ గ్రాసరీ స్టోర్‌లో లోడ్లు దించేవాణ్ణి కాబట్టి ఏ ఫంక్షన్‌కైనా నన్ను మోయడానికే పిలుస్తారు. చెల్లెలు స్పాన్సర్ చేస్తే నలభై రెండో ఏట ఈ దేశం వచ్చాను. ఇక్కడ ఎవరు పరిచయమైనా మొదటి ప్రశ్న ఏ కంపెనీ అని, రెండోది ఏ కాలేజీ అని. రెండోది వచ్చేలోపే నేను బస్తా ఎత్తుకుని కదులుతాను.

ఆ శనివారం సెక్రటరీ ఛాయాదేవి గారు ఆ మలావీ బడి హెడ్‌మిస్ట్రెస్ చిర్వా గారి ఈమెయిల్ ప్రింట్ తీసుకొచ్చారు. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం.

"ఏం రాశారమ్మా?"

"థాంక్స్ చెప్పారు అన్నయ్యగారూ. కరెంటు వచ్చేదాకా కంప్యూటర్లని బీరువాలో జాగ్రత్తగా పెడతారట."

"వచ్చేదాకా అంటే? ఇప్పుడు లేదా?"

ఆవిడ మళ్లీ మొదటినుంచి చదివారు. లేదు. ఈమెయిల్ వచ్చి ఇరవై రోజులైంది. పైనున్న థాంక్స్ చూసి అందరూ మూసేశారు. కింద ఇంకో సంగతి ఉంది. ఆ బడి ఆరో తరగతి వరకే. ఆపైన చదవాలంటే పదకొండు కిలోమీటర్లు నడవాలి. నిరుడు ఆరు పాసైన నలభై మంది ఆడపిల్లల్లో తొమ్మిది మందే వెళ్తున్నారు.

చేతిలో ఉన్న మానిటర్ కింద పెట్టేశాను.

నా చదువు ఏడో తరగతిలో ఆగింది. హైస్కూలు దూరం, ఇంట్లో సైకిల్ ఒక్కటే, అది అన్నయ్యకిచ్చారు. నన్ను సైకిల్ షాపులో పనికి పెట్టారు. పందొమ్మిదేళ్లు బడికి వెళ్లే పిల్లల సైకిళ్లకి పంక్చర్లు వేశాను. అందుకు ఎవర్ని తిట్టాలో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"సార్, ఈ డబ్బాలొద్దు. సైకిళ్లు పంపుదాం," అన్నాను.

కృష్ణమోహన్ గారు నవ్వారు. "రంగయ్య గారూ, ప్రపంచమంతా కంప్యూటర్ల మీద నడుస్తోందండీ."

"ఆ పిల్లలు కాళ్లమీద నడుస్తున్నారు సార్."

"స్టేజీ మీద అనౌన్స్ చేశాను. బ్యానర్ కూడా ప్రింట్ అయిపోయింది. అయినా ఆ చోట్లో సైకిళ్లు ఎన్ని పడతాయి? మహా అయితే పదిహేను."

"ఎనభై పట్టిస్తాను."

"మీరు ఇంజనీరింగ్ ఎక్కడ చేశారన్నారు?"

పక్కనున్నవాళ్లు కిసుక్కుమన్నారు.

"గుడివాడ సైకిల్ షాపులో సార్."

ఛాయాదేవి గారు నవ్వలేదు. "లోడింగ్‌కి ఇంకా రెండు వారాలుంది కదండీ. ట్రై చెయ్యనివ్వండి."

"ఓకే. ఎనభైకి ఒక్కటి తగ్గినా నా సిస్టమ్స్ వెళ్తాయి."

మర్నాటి నుంచి స్టోర్‌లో బియ్యం బస్తా ఎవరి డిక్కీలో పెట్టినా ఒకటే అడిగేవాణ్ణి: మీ గ్యారేజీలో సైకిల్ ఉందా? అందరి ఇళ్లలోనూ ఉంది. పిల్లాడికి పదహారేళ్లు రాగానే కారు కొనిస్తారు, సైకిల్ గోడకి వేలాడుతుంది. మరీ చిన్నపిల్లలవి ఇస్తే తీసుకోలేదు. "ఫ్రీగా ఇస్తుంటే సెలక్షనా!" అని ఒకావిడ విసుక్కుంది. "అక్కడ తొక్కేది పన్నెండేళ్ల పిల్లమ్మా," అని చెప్పి వచ్చేశాను.

సైకిళ్లు షాపుకి ఎలా వస్తాయో మావాళ్లెవరూ చూసినట్టు లేదు. నిలబడి రావు, విప్పేసి కట్టలుగా వస్తాయి. నేనూ అలాగే చేశాను. పెడళ్లు ఊడదీసి, హ్యాండిల్ పక్కకి తిప్పి, సీటు దించి, ముందు చక్రాన్ని ఫ్రేముకి ఆనించి తాడుతో కట్టాను. పెడళ్లూ నట్లూ గుడ్డ సంచిలో వేసి ఏ సైకిల్‌వి దానికే వేలాడదీశాను. రెండు వారాలు డ్యూటీ దిగగానే అదే పని. వేళ్లు చీరుకుపోయాయి.

లోడింగ్ రోజు డెబ్బై ఒకటి ఎక్కేసరికి చోటు నిండిపోయింది. కృష్ణమోహన్ గారు వాచీ చూసుకున్నారు. "పోనీలెండి, మంచి ప్రయత్నం."

"దించుతున్నాను," అన్నాను.

"కంప్యూటర్లకి దారిస్తున్నారా?"

"కాదు. మళ్లీ పేర్చడానికి."

చివరి మూడు వరసలు దించేశాను. అన్నీ ఒకే వైపు తిప్పి పెట్టడం నా తప్పు. ఈసారి ఒకదాని తల పక్కన ఇంకోదాని తోక వచ్చేలా ఇరికించాను. చర్చి డ్రైవర్ రెండుసార్లు హారన్ కొట్టాడు. నేను తిరిగి చూడలేదు. డెబ్బై ఎనిమిది దాటాక కింద నుంచి అందించే చేతులు మారినట్టనిపించి చూస్తే, కృష్ణమోహన్ గారు. చొక్కా నిండా గ్రీజు.

ఎనభై మూడు పట్టాయి.

"అంతా బానే ఉంది, అక్కడ బిగించేదెవరు?" అన్నారు చేతులు తుడుచుకుంటూ.

"పానాలు పది లోపల వేశాను. మిగతాది ఫోన్లో చెప్తాను."

"మీ ఇంగ్లీషుతోనా!"

"నేను చెప్తాలెండి," అన్నారు ఛాయాదేవి గారు.

మూడు నెలల తర్వాత ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి, స్టోర్ తెరవకముందే, ఆవిడ ఫోన్ స్పీకర్‌లో పెట్టి పప్పు బస్తా మీద ఉంచారు. అక్కడ మధ్యాహ్నం. చిర్వా గారి గొంతు, వెనక పిల్లల గోల.

"ఎడమ పెడల్ ఎక్కట్లేదట అన్నయ్యగారూ. మర పాడైందేమో అంటున్నారు."

"పాడవలేదు, అది ఉల్టా మర. ఏ పక్కదైనా ముందు చక్రం వైపుకే తిప్పమనండి. బలం పెట్టొద్దు."

ఆవిడ చెప్పారు. అవతల పానా తిరుగుతున్న చప్పుడు. తర్వాత ఒక్కసారిగా కేకలు. చిర్వా గారు గబగబా ఏదో అన్నారు. ఛాయాదేవి గారి ముఖం విప్పారింది.

"బిగిసిందట. మానేసిన పిల్లలు సోమవారం నుంచి పెద్ద బడికి వెళ్తామని అక్కడే కూర్చున్నారట. ఇవాళ ఎన్ని సైకిళ్లు అవుతాయని అడుగుతున్నారు."

"అందర్నీ తలో సైకిల్ పట్టుకోమనండి," అన్నాను. "ఫోన్ మాత్రం పెట్టేయొద్దు. బ్రేకులు చెప్తాను."