పాయింట్లు లేని రంపం

మామగారికి మనుషుల్ని మరిచిపోవడం మొదలై చాలా కాలమైంది. కొడుకుని ఒకోసారి తమ్ముడనుకునేవాడు, కోడల్ని ఎప్పుడో పోయిన అక్క అనుకునేవాడు. పని మాత్రం మరవలేదు. పొద్దున లేవగానే పెరటి షెడ్డులోకి వెళ్లి, బల్ల ముందు పీట లాక్కుని, పాత పెట్రోలు రంపం మిషను ఫ్లైవీల్ చక్రం ఊడదీసి, దాని వెనకున్న పాయింట్లను సన్న ఆకురాయితో రుద్ది, మధ్యలో సందు సరిచేసి, మళ్లీ బిగించేవాడు. ఆ రెండు చిన్న బిళ్లలు ఒకదాన్నొకటి ముట్టుకుని విడిపోతేనే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది.

కోడలు ఆయన దగ్గరే పని నేర్చుకుంది. పెళ్లయిన కొత్తలో ఆమె స్క్రూడ్రైవర్ పట్టుకున్న తీరు చూసి "అది గరిటె కాదమ్మాయ్" అని నవ్విన మనిషే, తర్వాత ఇంజన్లు విప్పి ఆమె ముందు పెట్టాడు. ఇప్పుడు షెడ్డు ఆమెదే. భర్త ఆ మిషను భుజాన వేసుకుని, ఎండినవీ రోడ్డుకు అడ్డం పడ్డవీ చెట్లు కోసొస్తాడు.

"మనింట్లో ముసలివాళ్లిద్దరికీ ఒకటే జబ్బు. రవ్వ ఎప్పుడు తగులుతుందో, ఎప్పుడు పోతుందో తెలీదు" అని మిషన్నీ తండ్రినీ కలిపి వేళాకోళం చేసేవాడు.

ఒక మధ్యాహ్నంతో ఆ వేళాకోళం ఆగిపోయింది. గోడ మీదికి వాలిన చెట్టును సగం కోశాక మిషను ఠక్కున ఆగింది. మిషన్ని మళ్లీ నడిపించాలని అతను దాని తాడు లాగుతుండగానే మాను నిలువునా చీలి, అతని భుజాన్ని గీరుకుంటూ కూలింది. ఇంటికొచ్చి చొక్కా విప్పితే తోలంతా లేచిపోయి ఉంది. కోడలు మిషను విప్పి చూసింది. పాయింట్ల మర వదులై ఊగుతోంది. మామగారు సందు సరిచేసి, మర బిగించడం మరిచిపోయాడు.

"నాన్నని ఏమీ అనకు" అన్నాడు భర్త.

"అని ఏం లాభం? రేపు మళ్లీ విప్పుతారు. వద్దంటే పసిపిల్లాడిలా ఏడుస్తారు."

"మరెలా?"

"అసలు పాయింట్లే లేకుండా చేస్తే?"

పాయింట్ల బదులు పెట్టే ఎలక్ట్రానిక్ ముక్క అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. కదిలేదేమీ లేదు, అరిగేదేమీ లేదు. మామగారు కునుకు తీస్తున్నప్పుడు ఆమె పని మొదలుపెట్టింది. ఫ్లైవీల్ లాగి, పాయింట్లనూ పక్కనున్న కండెన్సర్‌నూ విప్పేసింది. కరెంటు పుట్టించే కాయిల్ నుంచి వాటికి వచ్చే తీగను కత్తిరించి కొత్త ముక్కకు కలిపింది. రెండో తీగను, ఇంజన్ ఒంటి మీద రంగు గీకి, మర కింద బిగించింది. ఫ్లైవీల్ ఎక్కించి తాడు లాగితే రెండో లాగుకే మిషను అందుకుంది. భర్త ముఖం విప్పారింది. ఆమెకూ కాసేపు గర్వంగానే అనిపించింది.

మర్నాడు పొద్దున మామగారు ఫ్లైవీల్ విప్పి అలాగే కూర్చుండిపోయాడు.

"అమ్మాయ్, దొంగలు పడ్డారు."

"ఏం పోయాయి మామయ్యా?"

"పాయింట్లు ఎత్తుకుపోయారు."

ఆమె పక్కన కూర్చుని నిదానంగా చెప్పింది. ఆయన కొత్త ముక్కను గోటితో తట్టి చూశాడు.

"దీన్ని ఎప్పుడు శుభ్రం చెయ్యాలి?"

"అక్కర్లేదు మామయ్యా."

"సందు ఎంత?"

"సందు లేదు."

"పాడైతే?"

"తీసి పారేసి ఇంకోటి పెట్టడమే."

"మంచిది" అన్నాడాయన.

ఆ ఒప్పుకోలైనా మిగల్లేదు. అన్నం తిని వచ్చేసరికి అంతా మరిచి మళ్లీ విప్పాడు. మళ్లీ దొంగలు పడ్డారు. రోజూ అదే గోల, రోజూ ఆయనకది కొత్త దుఃఖం.

చూడలేక ఆమె పాత పాయింట్లను ఒక రేకుపలకకు బిగించి చేతికిచ్చింది. ఆయన సంబరంగా ఆకురాయి అందుకున్నాడు. కాసేపు రుద్ది, పలకను అటూ ఇటూ తిప్పాడు.

"ఇంజనేదమ్మాయ్? వీటిని తెరిచేదేదీ?"

ఎంత మతి పోయినా ఆ విషయంలో ఆయన్ను మోసం చేయడం ఎవరి తరం? అయినా ఆయన పలకను వదల్లేదు. జవాబు కోసం చూడకుండా రుద్దుతూనే ఉన్నాడు.

చివరికి ఆమె భర్తతో అంది: "పాతవే మళ్లీ పెట్టేస్తాను. రోజూ మీరు బయల్దేరేముందు మర నేను చూసుకుంటా."

అతను భుజం తడుముకున్నాడు. "నీ ఇష్టం" అన్నాడు.

ఆమె పలక తెచ్చి వెలుతురులో పెట్టి చూసింది. బిళ్లలు రెండూ పూర్తిగా అరిగిపోయి, కింది రేకు కనిపిస్తోంది. ఆ రకం పాయింట్లు తయారుచేసేవాళ్లు ఎప్పుడో మానేశారు. పాత సామాన్ల కొట్లన్నీ కాళ్లరిగేలా తిరిగింది. "ఇంకా పాయింట్లేంటమ్మా, ఏ కాలంలో ఉన్నావ్?" అని ఒక కొట్టాయన నవ్వాడు. ఎక్కడా దొరకలేదు.

ఆ తర్వాత ఒక పొద్దున మామగారు షెడ్డుకు రాలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"మామయ్యా, రండి, షెడ్డుకెళ్దాం."

"అక్కడ నాకేం పని?"

అన్నీ మరిచిపోయే మనిషికి అదొక్కటీ గుర్తుండిపోయింది. మర్నాడూ అదే మాట, ఆ మర్నాడూ అదే. వారాలు గడిచేకొద్దీ ఆ మాట కూడా తగ్గిపోయింది.

ఒకరోజు బయట భర్త మిషను స్టార్టు చేశాడు. కోడలు మంచం దగ్గర కూర్చుని మామగారి తల దువ్వుతోంది. ఆయన కళ్లు తెరిచి చెవి ఒగ్గాడు.

"ఎవరిదమ్మా అది? బాగా పలుకుతోంది."

"మనదే మామయ్యా."

"మనకెక్కడిది?" అని ఆయన మళ్లీ గోడవైపు తిరిగాడు. ఆమె దుప్పటి సర్ది, దువ్వెన కిటికీలో పెట్టి, పనిలోకి వెళ్లింది.