రెండు చేతులూ కడ్డీ మీద

మూడో మంచం కడ్డీ బిగుసుకుపోయింది. అతను కీలులో రెండు చుక్కలు నూనె వేసి, పైకి లేపి, దించి, మళ్ళీ లేపి చూశాడు. ఈసారి చప్పుడు చేయలేదు. తరువాత తడిగుడ్డతో కడ్డీని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తుడిచాడు. ఆపరేషను అయినవాళ్ళు మత్తులోంచి లేచేదాకా ఉండే రికవరీ గదిలో ఉన్నవి నాలుగు మంచాలు, ఒక్కోదానికి రెండేసి కడ్డీలు. ఇరవై మూడేళ్ళుగా ఆ ఎనిమిదింటినీ తుడవడంతోనే అతని రోజు మొదలవుతోంది.

పొట్టి మనిషి. స్ట్రెచరు తోసీ తోసీ మెడ ముందుకు వంగింది. అరచేతులు మాత్రం ఒంటికి మించినవి, వెడల్పాటివి. వాటిని ఎప్పుడూ ఏదో ఒక పనిలో పెట్టి ఉంచుతాడు. పని లేకపోతే జేబుల్లో పెట్టుకుంటాడు. యాభై ఏడేళ్ళొచ్చినా ఉద్యోగం వార్డుబాయే. అంత పెద్దాయనను బాయ్ అని పిలవడానికి నోరు రాక నర్సులు కడ్డీ మామయ్య అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆ గదిలో పది నిమిషాలు నిలబడితే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆ రోజు ఆపరేషన్లు నాలుగు. మొదటిది ఏడేళ్ళ పిల్లవాడి చెవికి. మూడోది నాలుగేళ్ళ పాపకు టాన్సిల్స్. ఆ పాప అతని మనవరాలు. వారం రోజులుగా అతనికి తిండి సరిగ్గా దిగడం లేదు. భయం ఆపరేషను గురించి కాదు. అలాంటివి వేలు చూశాడు. పాప మత్తులోంచి లేచే ఆ అరగంట గురించే భయం. అప్పుడు పక్కన ఉండబోయేది అతని కూతురు. ఆమెకు ఒక సంగతి చెప్పాలి. ఇవాళ చెప్పలేకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని అతనికి తెలుసు.

తొమ్మిదిన్నరకు చెవి పిల్లవాడు వచ్చాడు. తల చుట్టూ కట్టు, వేలికి క్లిప్పు. తండ్రి బస్సు డ్రైవరు, భారీ మనిషి. తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"రండి. ఈ స్టూలు మీద కూర్చోండి. రెండు చేతులూ కడ్డీ మీద పెట్టండి" అన్నాడు కడ్డీ మామయ్య.

"ఎందుకండీ?"

"చక్రాలు పాతవి. మంచం కదలకుండా పట్టుకోవాలి."

చక్రాలకు బ్రేకులు వేసే ఉన్నాయి. డ్రైవరు స్టీరింగు పట్టుకున్నట్టు కడ్డీ పట్టుకున్నాడు. అయిదు నిమిషాలకు పిల్లవాడు కళ్ళు తెరవకుండానే ఏడుపు మొదలుపెట్టాడు. తరువాత కళ్ళు తెరిచాడు కానీ దేన్నీ చూడటం లేదు. కాళ్ళతో తన్నాడు, చేతికున్న సెలైన్ గొట్టం లాగబోయాడు, తండ్రి ముఖం మీద ఉమ్మేసి, ఫో అవతలికి అని అరిచాడు. డ్రైవరు ముఖం కందగడ్డలా అయింది. కడ్డీ మీద వేళ్ళు తెల్లబడ్డాయి.

"వీడు మావాడేనాండీ?" అన్నాడు చివరికి.

"అరగంట ఆగండి. మీవాడే వస్తాడు."

అరగంటకు వాళ్ళవాడే వచ్చాడు. మంచినీళ్ళడిగాడు, నాన్నా ఇంటికెప్పుడు వెళ్తాం అన్నాడు. జరిగిందేదీ వాడికి గుర్తు లేదు. ఎవరికీ ఉండదు. గుర్తుపెట్టుకునే పని అంతా తల్లిదండ్రులదే.

ఇన్నేళ్ళలో అతను కనిపెట్టింది ఇంకొకటి ఉంది. బయట వరండాలో ఎంత కంగారుపడే తల్లి ఉంటే లోపల పిల్ల అంత గింజుకుంటుంది. మత్తు డాక్టరు కూడా అదే మాట అంటుంది. అయితే కంగారు పడకమ్మా అని చెబితే తగ్గే కంగారు అతనికి ఇంతవరకూ తగల్లేదు. అందుకే ఎవరికీ ఏమీ చెప్పడు. పని అప్పజెబుతాడు. ఈ దుప్పటి పట్టుకోండి అంటాడు, ఆ గ్లాసు కడిగి తెండి అంటాడు.

పదకొండింటికి వరండాలోకి వెళ్తే కూతురు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బట్టల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా నిలబడటం అలవాటే. ముప్ఫై దాటకుండానే కళ్ళ కింద నల్లటి చారలు. అల్లుడు లారీతో పాటు ఊళ్ళు తిరుగుతుంటాడు, ఇవాళ కూడా రాలేకపోయాడు. తల్లి బతికున్నన్నాళ్ళూ తండ్రీ కూతుళ్ళ మాటలు ఆమె ద్వారానే నడిచేవి. ఆమె పోయిన రెండేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

"లోపలికి తీసుకెళ్ళేటప్పుడు గొంతు పోయేలా ఏడ్చింది" అంది కూతురు.

"ఏడుస్తారు."

"లేచాక కూడానా?"

"లేచాక నిన్ను తిడుతుంది. కొడుతుంది. తిట్టేది అది కాదు, మత్తు. పట్టించుకోకు."

చెప్పాల్సింది అప్పుడే చెప్పవచ్చు. నోరు తెరిచాడు కూడా.

"ఆ గ్లాసు కడిగి తీసుకురా" అన్నాడు.

పాపను అతనే తోసుకొచ్చాడు. కూతుర్ని స్టూలు మీద కూర్చోబెట్టి, రెండు చేతులూ కడ్డీ మీద పెట్టమన్నాడు. చక్రాల సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు.

పాప లేచింది. ఆ గదిలో అంత గట్టిగా గింజుకున్న పిల్లల్ని అతను తక్కువే చూశాడు. వెల్లకిలా విల్లులా లేచి తల దిండుకేసి బాదుకుంది. కూతురు వంగి, అమ్మనే, అమ్మనే అంటుంటే ఆ ముఖాన్ని గీరింది. నువ్వు అమ్మవి కాదు, నాకొద్దు, ఫో అంది. గీరుకుపోయిన చోట సన్నగా నెత్తురు తేలింది. కూతురి కుడిచేయి కడ్డీ మీద నుంచి లేచింది.

అతను ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ చేయి ముక్కు తుడుచుకుని మళ్ళీ కడ్డీ మీదికి వెళ్ళింది.

పన్నెండున్నరకు పాప నిద్రపోయింది. ఒంటిగంటకు మామూలుగా లేచి, అమ్మ చెంప చూసి, ఎవరు గీరారు అని అడిగింది. కూతురికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"దీనికి ఏమీ గుర్తు లేదా?"

"ఉండదు" అన్నాడు అతను. గోడవైపు చూస్తూ, "నీకూ లేదు" అన్నాడు.

"నాకేం గుర్తు లేదు?"

అప్పుడు చెప్పాడు. అప్పుడు ఆమెకు అయిదేళ్ళు, ఆపరేషను అయింది. ఇదే గది. తను అప్పుడు కింద లాండ్రీలో దుప్పట్లు ఉతికేవాడు. మత్తు గురించి ఎవరూ చెప్పలేదు. పిల్ల లేచి కొరికింది, నువ్వు నాకొద్దు ఫో అంది. అంతమంది ముందు తలకొట్టేసినట్టయింది. చెంప మీద కొట్టాడు. అయిదు వేళ్ళూ తేలాయి. నర్సు అతన్ని బయటికి గెంటింది. ఆ తరువాత రెండేళ్ళు కాళ్ళావేళ్ళా పడి ఈ గదికి మార్పించుకున్నాడు. ఇందరి చేతులు కడ్డీల మీద పెట్టించింది అందుకే.

చెప్పడం అయిపోయింది. కూతురు పాప మీది దుప్పటి సర్దింది. పాప ఆమె గాజుతో ఆడుకుంటోంది.

"నాకు నిజంగా గుర్తు లేదు నాన్నా" అంది. "నాకు గుర్తున్నది వేరే. నువ్వు నన్ను ఎత్తుకోవడం మానేశావు. రోడ్డు దాటేటప్పుడు కూడా చేయి పట్టుకునేవాడివి కాదు, అమ్మకు అప్పజెప్పేవాడివి. జ్వరమొస్తే గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయేవాడివి. నేనేం తప్పు చేశానా అని చాలా ఏళ్ళు అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను."

అతను జేబుల్లోంచి చేతులు తీసి చూసుకున్నాడు. మళ్ళీ ఒక పిల్ల మీద చేయి పడకూడదని దాచుకున్న చేతులవి. దెబ్బ ఒక్క రోజుది, అదీ పిల్లకు తెలియనిది. తెలిసేలా కొట్టింది ఇరవై అయిదేళ్ళు. ఇది అతనికి ఎప్పుడూ తట్టలేదు. తన దుఃఖం తన ఒక్కడిదే అనుకున్నాడు.

"నాకు తెలియలేదమ్మా" అన్నాడు.

"తెలియదులే" అంది. ఆ మాటలో కోపం ఉందో లేదో అతనికి అర్థం కాలేదు.

నాలుగింటికి పెద్ద నర్సు చీటీ రాసిచ్చింది. మందులు కింద కొట్లో తీసుకోవాలి. కూతురు సంచి భుజాన వేసుకుని, పాపను ఎత్తి, క్షణం ఆగి, తండ్రికి అందించింది.

"గేటు దాకా నువ్వు ఎత్తుకో. నేను మందులు తీసుకుని వస్తాను."

అతను ఎత్తుకున్నాడు. ఎలా పట్టుకోవాలో తెలియక ముందు మరీ గట్టిగా పట్టుకున్నాడు.

"తాతయ్యా, నొక్కకు" అంది పాప బొంగురు గొంతుతో. సడలించాడు. పాప తల అతని మెడ వంపులో సర్దుకుంది. మెట్ల దగ్గర రోజూ దిగే వేగంతో దిగలేకపోయాడు. గేటు దగ్గర ఆటో ఆగింది. కూతురు ఎక్కి కూర్చుని పాపను అందుకుంది. అందుకుంటూ అతని చేతి మీద తన చేయి వేసి, ఒక నిమిషం అలాగే ఉంచింది.

"ఆదివారం రా. దీనికి కథలు కావాలట" అంది.

ఆటో మలుపు తిరిగేదాకా అతను రోడ్డు మీదే నిలబడ్డాడు. పైన నాలుగో ఆపరేషను అయిపోవస్తోందని ఎవరో కేకేస్తే వెళ్ళాడు. పాప పడుకున్న మూడో మంచం దుప్పటి లాగి, మడిచి, బుట్టలో వేయబోతుంటే కాళ్ళవైపు నుంచి ఒక చిన్న మేజోడు జారి నేల మీద పడింది. ఇంకా పాదం లోపలే ఉన్నట్టు, మడమ దగ్గర గుండ్రంగా ఉబ్బి ఉంది.