గంజి వద్దన్న చొక్కా

సోమవారం ఉతుకు, మంగళవారం గంజీ ఇస్త్రీ, బుధవారం మూటలు ఇళ్ళకు చేర్చడం. ముప్పై ఒక్కేళ్ళుగా ఆ లాండ్రీలో వారం అలాగే నడుస్తోంది. ఆ ముప్పై ఒక్కేళ్ళలో గంజి బాన దగ్గర పెద్దమ్మ తప్ప ఇంకో మనిషి నిలబడింది లేదు. నిలబడతామని వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ ఏడ్చుకుంటూ వెళ్ళారు. గంజిలో వేలు ముంచి పైకెత్తి ఊదితే, ఏడు అంకెలు లెక్కపెట్టేలోపు వేలి మీద పొర కట్టాలి. కట్టకపోతే బానెడు గంజీ కాలవ పాలే. "ఎనిమిదికి కట్టింది కదా పెద్దమ్మా" అన్నవాళ్ళతో ఆమె వారం రోజులు మాట్లాడేది కాదు.

గంజి బాగా పట్టిన చొక్కాతో ఒక పని ఉంటుంది. ఇస్త్రీపెట్టె పైనుంచి తీయగానే అది బల్ల మీద లేచి నిలబడి, తనను తొడుక్కున్న మనిషి ఆఖరున ఏ పని చేశాడో ఆ పని ఒకసారి చేసి చూపిస్తుంది. బొత్తాలు విప్పుకోవడం లెక్కలోకి రాదు. రొట్టెల కొట్టాయన చొక్కా పిండి పిసుకుతుంది. గుమాస్తా చొక్కా చేతులు రెండూ పైకి చాపి ఆవులిస్తుంది. పని అయిపోయాక బుద్ధిగా పడుకుంటుంది, అప్పుడు మడత పెట్టాలి. తొందరపడి ముందే మడత పెడితే చేతుల దగ్గర ముడతలు పడతాయి. అందుకే ఇస్త్రీ చేసేవాళ్ళు చొక్కా చొక్కాకీ కాసేపు ఆగుతారు.

చూడ్డానికి కళ్ళు అందరికీ ఉన్నాయి. చూసి ఆలోచించేది పెద్దమ్మ ఒక్కతే. రొట్టెల కొట్టు గోడగడియారం ఎటు పోయిందో తేల్చింది ఆమె. డాక్టరుగారి కుక్కను ఎవరు దాచారో తేల్చిందీ ఆమే. రెండుసార్లూ పేరు ఊరి పోలీసు జమేదారుకి వచ్చింది. ఆ మహానుభావుడు ఒక్కసారన్నా వచ్చి మంచిమాట అన్నాడా? అనలేదు. ఆ సంగతి ఆమె మర్చిపోనూ లేదు. అక్షరాలు ఆమెకు అంతంతమాత్రమే, సంతకం పెట్టాలంటే పెదవులు బిగబట్టి గీస్తుంది. కాలర్ల లోపల దారంతో కుట్టిన గుర్తులు మాత్రం కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చెప్పేస్తుంది, ఇది ఫలానా ఇంటిదని.

ఆ మంగళవారం పొద్దున ఆమె గంజి కలుపుతున్న తీరు చూసి ఎవరూ దగ్గరికి రాలేదు. తెడ్డు బానకు కొట్టుకుంటున్న చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది.

కోపం రాదా మరి? ఆమె చెల్లెలి కూతురు, తల్లి పోయినప్పటినుంచీ ఈమె చేతుల్లో పెరిగిన పిల్ల, నాలుగేళ్ళుగా సంగీత పాఠశాలలో గదులు ఊడ్చి దుమ్ము దులుపుతోంది. ఆ పాఠశాల మొదలుపెట్టిన పెద్దమనిషి వాయించిన పాత ఫిడేలు ఒకటి అద్దాల బీరువాలో ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని పాఠశాల అధ్యక్షుడు రూలు పెట్టాడు. దుమ్ము దులిపే పిల్ల దగ్గరా, అధ్యక్షుడి దగ్గరా మాత్రమే ఆ బీరువా తాళంచెవి ఉంది. సోమవారం పొద్దున ఫిడేలు మాస్టారు వచ్చి చూస్తే బీరువా ఖాళీ. ఎవరు తీశారని జమేదారు అడగడమేమిటి, అధ్యక్షుడు పిల్ల వైపు వేలు చూపించడమేమిటి, అంతా తుమ్మినంత సేపట్లో అయిపోయింది. రెండు తాళంచెవులుంటే ఒక్కదాన్నే ఎందుకు అనుమానించాలని ఆ గదిలో ఒక్కడికీ తోచలేదు. చీపురు పట్టుకున్న చెయ్యి కనిపిస్తే చాలు, లోకానికి ఇక వెతికే పని తప్పుతుంది.

ఈరోజు నాలుగింటి పడవలో పిల్లను పెద్ద ఊరి జైలుకి పంపిస్తున్నారు. అక్కడ దొంగ అని ఒకసారి పుస్తకంలోకి ఎక్కితే, ఆ పిల్లను ఇక గుమ్మంలో అడుగుపెట్టనిచ్చే ఇల్లు ఉండదు.

తొమ్మిదింటికి అధ్యక్షుడి ఇంటినుంచి మూట వచ్చింది. ఏ వారమైనా సోమవారం తెల్లారకముందే వచ్చే మూట అది. ఈసారి ఒకరోజు ఆలస్యం. పెద్దమ్మ ముడి విప్పింది. దుప్పట్లు, తువ్వాళ్ళు, అన్నిటికంటే అడుగున చుట్టచుట్టి కుక్కిన తెల్ల చొక్కా. దాని కాలరుకి గుండుసూదితో ఒక చీటీ.

లాండ్రీ యజమానురాలు పెద్దమ్మ ముందు పాకుతూ పెరిగిన మనిషే. తల్లి తర్వాత కొట్టు చూసుకుంటోంది. పెద్దమ్మ ఆమె చేతికి చీటీ ఇచ్చింది.

"ఏం రాసుందో చదువమ్మడూ."

"'గంజి వద్దు' అని ఉంది."

"మళ్ళీ చదువు."

"ఎన్నిసార్లు చదివినా అదే పెద్దమ్మా. గంజి వద్దు. కింద గీత కూడా గీశారు. ఆయన చేతిరాతే."

పెద్దమ్మ తెడ్డు పక్కన పెట్టింది. "పద్దెనిమిదేళ్ళుగా ఈయన చొక్కాలకి గంజి పెడుతున్నాను. కాలరు మీద గ్లాసు పెడితే నిలబడాలి, అదీ ఆయన లెక్క. పదకొండేళ్ళ కిందట ఒక కాలరు మెత్తగా ఉందని బంట్రోతుతో తిప్పి పంపాడు. మెత్తగా ఉందట! నా గంజి! అలాంటి మనిషి ఇవాళ గంజి వద్దంటాడా?"

"ఒంటికి దురద పుడుతోందేమోలే."

"పద్దెనిమిదేళ్ళు పుట్టని దురద, ఫిడేలు పోయాక పుట్టిందా?"

యజమానురాలు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "గట్టిగా అనకు. ఆయన ఒక్క మాటంటే ఊళ్ళో సగం మూటలు మన గుమ్మం ఎక్కవు."

పెద్దమ్మ ఆ మాట వినిపించుకోలేదు. చొక్కాను వెలుతురులోకి పట్టుకుని చూస్తోంది. ఎడమ భుజం మీద, మెడ దగ్గర, ఏదో తెల్లటి పొడి. వేలికి అంటించుకుని నలిపింది. జిగురుగా ఉంది. వాసన చూసింది. పిల్ల రోజూ సాయంత్రం పాఠశాలనుంచి ఇంటికి తెచ్చే వాసనే అది. ఫిడేలు కమానుకి రుద్దే రోజనం పొడి.

"ఈయన వాయిస్తాడా?" అంది.

"ఎవరు, అధ్యక్షుడా? ఆయనకి కాగితాల మీద సంతకం పెట్టడం తప్ప ఏమొచ్చు?"

"చొక్కాను నీళ్ళలో వేసుకోవడం కూడా రాదు. వస్తే ఇంట్లోనే ఉతికేసుకునేవాడు." పెద్దమ్మ చొక్కాను చంకన పెట్టుకుంది. "ఎప్పుడూ పంపే చొక్కా పంపకపోతే పనిమనిషి ఎందుకని అడుగుతుంది. అందుకని పంపాడు. గంజి వద్దంటే చాలనుకున్నాడు."

"పెద్దమ్మా, వద్దన్న బట్టకి గంజి పెట్టడం మన కొట్టులో లేదు. మా అమ్మ ఉన్నప్పుడు నువ్వే కదా ఆ మాట మీద ఒకమ్మాయిని వారం రోజులు మాన్పించావు!"

అది నిజమే. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ముప్పై ఒక్కేళ్ళలో చీటీలో ఉన్నదానికి ఒక్క చుక్క అటూఇటూ కాలేదని చెప్పుకునే మనిషి ఆమె. ఆ గర్వం తప్ప ఆమె కూడబెట్టుకున్నది ఇంకేమీ లేదు. చొక్కాను చంకలోంచి తీసి బల్ల మీద పరిచింది.

"చాటుగా చేసే అలవాటు నాకు లేదు," అంది చివరికి. "నీ మొహం మీదే చెప్పి చేస్తున్నాను. చీటీ తప్పుతున్నాను. రేపటినుంచి వారం రోజులు నన్ను గుమ్మం ఎక్కనివ్వకు. ఆ అమ్మాయికి వేసిన శిక్షే నాకూ వెయ్యి."

"నువ్వు రాకపోతే గంజి ఎవరు పెడతారు?"

"నీ ఖర్మ!"

ఉతికింది, జాడించింది. గంజిలో మూడుసార్లు ముంచింది. ఆరుకి పొర కట్టే గంజి అది, అంత చిక్కగా ఆమె ఎప్పుడూ కాచలేదు. బయట మబ్బు పట్టి ఉంది. ఎండ కోసం చూస్తూ కూర్చుంటే పడవ వెళ్ళిపోతుంది. నీళ్ళు కాగే బాయిలరు పైన తాడు కట్టి ఆరేసి, పక్కనే స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది. అన్నం ముట్టలేదు.

మూడున్నర ప్రాంతంలో జమేదారు పిల్లను తీసుకొచ్చాడు. పడవ ఎక్కేముందు పెద్దమ్మకు చెప్పి, బట్టల మూట తీసుకోనివ్వమని పిల్ల బతిమాలిందట. మణికట్లు రెండూ కలిపి తాడు కట్టి ఉంది. ఫిర్యాదు కాగితం మీద రేవులో సంతకం పెట్టాలి కాబట్టి ఫిడేలు మాస్టారు కూడా వెంట ఉన్నాడు. సన్నగా, గొడుగు మడిచినట్టుండే మనిషి. ఎవరి మొహమూ చూడకుండా నేల చూస్తున్నాడు.

"ఏమయ్యా జమేదారూ, పారిపోతుందనా ఆ తాడు? ఊడ్చే పిల్ల కాళ్ళకి అంత జోరుంటుందా?"

"రూలు పెద్దమ్మా."

"పెద్దమ్మా అనకు. నీకేమీ కాను."

పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి. "నేను తీయలేదు పెద్దమ్మా," అంది.

"నాకు చెప్తావేంటే. నాకు తెలీదూ? అలా నిలబడు, ఒక చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి."

ఆమె నిప్పుల పెట్టె అందుకునేసరికి గుమ్మంలో బండి ఆగింది. ఎన్నడూ లాండ్రీ మెట్టు తొక్కని అధ్యక్షుడు స్వయంగా దిగాడు. లోపల జమేదారునీ పిల్లనీ చూసి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ సర్దుకున్నాడు.

"నా చొక్కా కోసం వచ్చాను. తడిగా ఉన్నా ఫరవాలేదు, ఇచ్చేయండి. గంజి పెట్టలేదు కదా?"

యజమానురాలు గోడకి ఆనుకుపోయింది.

"పెట్టాను," అంది పెద్దమ్మ. పెట్టెను కాలరు మీద ఆనించి ఒక్క లాగుడు లాగింది. తర్వాత వీపు, తర్వాత చేతులు. "ఇంత బాగా మీకు ఎప్పుడూ పెట్టలేదు."

"చీటీ రాశానే! నా అనుమతి లేకుండా నా చొక్కాకి..."

ఆ మాట పూర్తికాలేదు. చొక్కా బల్ల మీద లేచి నిలబడింది. ఎడమ చెయ్యి ముందుకు చాచింది. కాలరు ఎడమకి వాలింది. కుడి చెయ్యి గాలిలో దేన్నో మునివేళ్ళతో పట్టుకున్నట్టు ముడుచుకుని, పైకీ కిందికీ కదలడం మొదలుపెట్టింది. చప్పుడేమీ లేదు. అయినా ఎంత ఘోరంగా వాయిస్తోందో మాస్టారి మొహం చూస్తే తెలిసిపోయింది, నిమ్మకాయ కొరికినవాడిలా పళ్ళు బిగించాడు.

"ఫిడేలు కదూ?" అన్నాడు జమేదారు.

"ఇంకేదో ఫిడేలు," అన్నాడు అధ్యక్షుడు.

మాస్టారు మొదటిసారి తలెత్తాడు. దగ్గరికొచ్చి, చొక్కా మెడనుంచి ఎడమ చేతి అంచుదాకా జానతో కొలిచాడు. "ఆ పాతది మామూలు ఫిడేలు కంటే నాలుగు వేళ్ళు పొట్టి. దాన్ని పట్టుకుంటేనే మోచెయ్యి ఇంత వంగుతుంది. ఈ ఊళ్ళో అలాంటిది అదొక్కటే."

అందరూ అధ్యక్షుడి వైపు తిరిగారు. పిల్ల తిరగలేదు. చొక్కానే చూస్తోంది. చూసి చూసి ఉండబట్టలేక, తాడుతో కట్టిన చేతులతోనే వెళ్ళి, ఖాళీ చొక్కా కుడి మోచేతిని మెల్లగా కిందికి దించింది. ఎడమ మణికట్టును కాస్త లోపలికి తిప్పింది. "ఇలా," అంది దానితో, పసిపిల్లకి చెప్పినట్టు. చొక్కా మాట విన్నది. కుడి చెయ్యి ఒక్కసారిగా తేలికపడి, నీటి మీద తెడ్డులా సాగింది. నాలుగు ఊపులు అలా ఊపి, పాట మధ్యలోనే ఆగి, వంగి, దేన్నో మంచం కిందకి నెట్టినట్టు నెట్టేసి బల్ల మీద పడుకుంది.

"మంచం కిందేనా అయ్యా?" అని అడిగాడు జమేదారు, పిల్ల చేతుల తాడు విప్పుతూ.

అధ్యక్షుడి మొహంలో నెత్తురు లేదు. "పదో ఏట నన్ను ఆ పాఠశాలలో చేర్చుకోలేదు. సంగీతం పట్టే చెవి లేదన్నారు. ఒక్కసారి వాయించి, సోమవారం పెందలాడే మళ్ళీ బీరువాలో పెట్టేద్దామనుకున్నాను. మాస్టారు ముందే వచ్చేశారు."

"వస్తే?" పెద్దమ్మ గొంతుకి ఇస్త్రీపెట్టె మీది మూత అదిరింది. "'నేనే తీశాను' అనడానికి ఎంతసేపు పడుతుంది? రెండు ముక్కలు! ఆ పిల్ల నాలుగేళ్ళు నీ బీరువా తుడిచింది. నీ నోట్లోంచి రెండు ముక్కలు రాక, దాన్ని జైలుకి పంపిస్తావా? పైగా చొక్కా కోసం పరుగెత్తుకొచ్చావు! పిల్ల కోసం రావాలని తోచలేదా?"

జమేదారు అధ్యక్షుణ్ణి బండెక్కించి, ఫిడేలు కోసం ముందు ఇంటికి, ఆ తర్వాత రేవుకి తీసుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఏదో మంచిమాట అనబోయాడు. "వద్దులే," అంది పెద్దమ్మ. "ఆలస్యమైంది."

మాస్టారు మాత్రం కదల్లేదు. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మీరేనండి," అంది పిల్ల. "తలుపు అవతల తుడుస్తూ ఉంటాను కదా."

మాస్టారు ఆమె వేళ్ళ వైపు చూశాడు. "ఆ చొక్కా మధ్యలో ఆపేసింది. మిగతాది తెలుసా నీకు?"

పిల్ల పెద్దమ్మ వైపు చూసింది. పెద్దమ్మ గడ్డం ఎగరేసి ఊ అంది. పిల్ల ఉత్త చేతులే ఎత్తింది. ఎడమ చేతి వేళ్ళు గాలిలో ఒక్కొక్కటే దిగుతుంటే, కుడి చెయ్యి దీర్ఘంగా సాగింది. మాస్టారు కళ్ళు మూసుకుని ఇస్త్రీ బల్ల అంచు మీద చూపుడువేలితో తాళం వేస్తున్నాడు. రేవునుంచి పడవ కూత వినిపించింది. ఎవరూ అటు చూడలేదు. పిల్ల చివరి ఊపు ఊపి చేతులు దించింది.

మాస్టారు కళ్ళు తెరిచి నుదురు ముడిచాడు. "ఆ చివరిది మళ్ళీ."

పెద్దమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఏం? బానే వాయించింది కదా! ఏం తక్కువైందని?"

"బానే అంటే కాదమ్మా," అన్నాడాయన, పిల్ల చేతి మీదినుంచి చూపు తిప్పకుండానే. "సరిగ్గా రావాలి."

పెద్దమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోరు మూసుకుని, స్టూలు తెచ్చి మాస్టారి వెనక వేసింది.

"కూర్చోండి," అంది. "వచ్చేదాకా చేయించండి."