బయ్యూమీ ముక్కు జబ్బు

రెండు నెలలుగా బయ్యూమీ కడుపు ఆయన మాట వినడం మానేసింది. పొద్దున్నే భార్య ఇన్సాఫ్ వండిన ఫూల్ అనే చిక్కుడు గింజల కూర రొట్టెతో కడుపారా తింటాడు. మధ్యాహ్నానికల్లా పొట్ట బిగుసుకుపోతుంది. సరిగ్గా నమాజులో వంగినప్పుడే గాలి జారుతుంది. గాలి పోతే వజూ, అంటే నమాజుకు ముందు చేసుకున్న శుద్ధి, పోయినట్టే. బయటికెళ్ళి మళ్ళీ ముఖం, కాళ్ళూ చేతులూ కడుక్కుని రావాలి. మన్సూరా పేట మసీదులో ముప్పై ఏళ్ళుగా మొదటి వరుసలో నిలబడే పెద్దమనిషి, అందరినీ దాటుకుంటూ వెళ్ళాలి. అలాంటప్పుడు పరువు దక్కడానికి ముక్కు పట్టుకుని వెళ్ళమన్నారు పెద్దలు. చూసినవాళ్ళు ముక్కులోంచి రక్తం కారుతోందనుకుంటారు. వారానికి నాలుగుసార్లు ముక్కు పట్టుకోవాల్సి వచ్చేసరికి ఆయనే తలుపు పక్కన, చివరి వరుసకు మారాడు. అక్కడ నిలబడటం ఆయనకు చచ్చేంత అవమానం.

జీలకర్ర నమిలాడు. సోంపు నీళ్ళు తాగాడు. పచ్చి ఉల్లిపాయ మానేశాడు. ఫూల్ మాత్రం మానలేదు, మానితే ఇన్సాఫ్‌కి కారణం చెప్పాలి. ఆమె వంటకు వంక పెట్టడం ఆయన వల్ల కాలేదు.

ఒక శుక్రవారం పక్కింటి తహియ్యా దానిమ్మ రసం పట్టుకొచ్చింది.

"హాజీ బయ్యూమీ ముక్కు ఎలా ఉందమ్మా? రక్తం ఆగట్లేదంట కదా! డాక్టరుకి చూపించు, తలలో నరం తెగితే ఇంకేమన్నా ఉందా?"

ఆమె అటు వెళ్ళగానే ఇన్సాఫ్ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఇంత జబ్బు నా దగ్గర దాచావా హాజీ?"

"జబ్బు ముక్కుకి కాదే."

"మరి?"

"కిందికి."

కథంతా విని ఇన్సాఫ్ పడీ పడీ నవ్వింది. "నీ మొహం మండా! పాపం, ముక్కేం చేసిందయ్యా నీకు?"

"ఫూల్ తిన్న రోజే వస్తోంది. ఇన్నేళ్ళూ లేదు. ముసలితనం అనుకున్నా."

ఇన్సాఫ్ నవ్వు ఆగిపోయింది.

"ముసలితనం కాదు. గింజలు నానిన నీళ్ళు నేను పారబోయట్లేదు. గ్యాసంతా ఆ నీళ్ళదే. వాటితోనే పొయ్యి మీద పెట్టేస్తున్నా."

"ఎందుకలా?"

"తపేలా వంచలేకపోతున్నా. వేళ్ళకి పట్టు చిక్కట్లేదు. చెబితే ఫూల్ బజారునుంచి తెస్తానంటావని భయం."

బయ్యూమీ అప్పుడు చూశాడు. కణుపుల దగ్గర వేళ్ళు వాచి ఉన్నాయి. రోజూ ఆ చేతులే ఆయనకు రొట్టె అందిస్తున్నాయి. మసీదులో కూడా ఆయన అంత సిగ్గుపడలేదు.

మర్నాడు పొద్దున తపేలా తనే ఎత్తి, నీళ్ళు వంచేసి, గింజలు రెండుసార్లు కడిగాడు.

"ఇన్నాళ్ళూ నొప్పితోనే వండావా?" అన్నాడు.

"నువ్వు మాత్రం? నొప్పితోనే తిన్నావుగా," అంది ఇన్సాఫ్.