రెండా, ఇద్దరా?

ఇక్బాల్ బీ గోనెసంచిలో ముందు లుంగీ, తువ్వాల పెట్టింది. వాటి మీద మెత్తటి తాడు, బెల్లం ముక్కల పొట్లం, చివరికి రబ్బరు మూతి బిగించిన పాలసీసా. సంచి అడుగున చినిగిన చోట తన పాత చీరలోంచి పచ్చగుడ్డ కత్తిరించి అతుకు వేసింది. కల్వకుర్తిలో మేకపిల్లల బేరం చేసే ఇళ్లలో ఈ సర్దుడు మామూలే. తల్లిని విడిచిన పిల్ల దారి పొడుగునా అరుస్తుంది. దానికి బెల్లం నాకించాలి, పాలు పట్టాలి.

ఇంట్లోంచి ఎవరు గడప దాటినా ఆమెకు దిగులే. ఆ రోజు దిగులుకు ఫోన్‌లో కారణం కూడా దొరికింది.

"ఇయ్యాల పోకయ్యా. అచ్చంపేట దిక్కు పిల్లలను ఎత్తుకపోయేటోళ్లు దిగిండ్రట. గ్రూపుల వచ్చింది."

"ఎవరు పెట్టిండ్రు?" చెప్పులు తొడుక్కుంటూ అడిగాడు భర్త దస్తగిరి.

"ఎవరో. పేరు లేదు, నంబరే ఉంది."

"పేరు లేనోడు చెప్తే నమ్ముతవు. నేను చెప్తే ఒక్కనాడన్న నమ్మినవా?"

"మాపటికొస్తనని తెల్లారి వస్తవు. నిన్నెట్ల నమ్మాలె?"

అతను నవ్వి, సంచి భుజాన వేసుకొని బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ గ్రూపు సంగతి ఇక్కడ చెప్పాలి. రీచార్జి దుకాణం అతను చుట్టుపక్కల ఊళ్ల నుంచి తన దగ్గరికి వచ్చిన నంబర్లన్నీ అందులో కలిపేశాడు. చేరతారా అని ఎవరినీ అడగలేదు. మీరెవరని కూడా అడగలేదు. తలుపు లేని ఇంట్లోకి ఎవరైనా వచ్చి ఏదైనా పెట్టి పోవచ్చు. కోడలు నాజియా చదివిన బడి పుస్తకాలు ముందేసుకొని, కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చుకున్న మనిషి ఇక్బాల్ బీ. రాతలో ఉన్న మాట అబద్ధం కావచ్చని ఆమెకు తోచనే లేదు.

అందుకే ఆ పొద్దున గల్లీలోకి కత్తులు సానబట్టే మనిషి వస్తే అడ్డంగా నిలబడింది. "ఎవరు నువ్వు? ఏ ఊరు? ఎవరు పంపిండ్రు?" అతను జవాబు చెప్పేలోపే నాజియా పిల్లలను లోపలికి లాగి తలుపు వేసింది. నలుగురూ గుమిగూడారు. అతను సైకిలు తిప్పుకొని వెళ్లిపోయాడు. మంచి పని చేశామనుకుంది ఇక్బాల్ బీ.

మధ్యాహ్నం దస్తగిరి ఏదో ఊళ్లో చాయ్ హోటల్ నుంచి ఫోన్ చేశాడు.

"రెండు పిల్లలు కుదిరినయి. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. సంచిల ఏసుకొని మాపటికి వస్త."

"పాలు ఇరగలేదు కదా?"

"ఇరగలే. పిల్లలు జర అరిస్తే..."

వెనక నుంచి ఎవరిదో గొంతు వినిపించింది. "ఓ పెద్దమనిషీ, ఏం పిల్లలు? ఎవరితోని మాట్లాడుతున్నవ్?" ఫోన్ ఆగిపోయింది. ఆమె మళ్లీ మళ్లీ చేసింది. మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు.

పొద్దు వాలుతుండగా గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. నేల మీద గోనెసంచి, తాడు, బెల్లం, పాలసీసా పరిచి ఉన్నాయి. కింద రాత: "పిల్లల దొంగ దొరికాడు. ఇద్దరు పిల్లలు దొరికారు, సంచిలో వేసుకుని సాయంత్రం తెస్తా అని ఫోన్‌లో చెబుతుండగా పట్టుకున్నారు. అందరికీ పంపండి." దాని కింద గల్లీవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మెచ్చుకుంటున్నారు. "మంచిగైంది." "ఇంకో నాలుగు పడాలె."

ఇక్బాల్ బీ ఫొటోలోని సంచి అడుగు చూసింది. పచ్చగుడ్డ అతుకు.

"నాజియా, నీ మామ..." అంది. ఫోన్ కోడలి చేతిలో పెట్టింది.

ఆ చాయ్ హోటల్ ఊళ్లో గుంపు దెబ్బలకు చనిపోయిన దస్తగిరి నలభయ్యో దినం దాటాక ఇద్దరు ఆ ఇంటికి వచ్చారు. ఆమె తలుపు సందులోంచే అడిగింది. "ఎవరు? ఏ ఊరు? ఎవరు పంపిండ్రు?"

వచ్చింది ఆ ఊరి వార్డు మెంబరు అరుణమ్మ. వెంట, బెయిలు మీద బయటికొచ్చిన శివకృష్ణ. చాయ్ హోటల్లో విని గ్రూపులో రాసింది అతనే. అతను తల ఎత్తలేదు.

"ఆయన రెండు అనే అన్నడు అవ్వా. రెండు పిల్లలు కుదిరినయి అన్నడు. పిల్లలకు రెండు అని రాస్తే తప్పయితదని ఇద్దరు అని సరిచేసిన. కుదిరినయి అంటే మంచిగుండదని దొరికారు అని పెట్టిన."

"మేకను రెండంటరు, మనిషిని ఇద్దరంటరు. గంతే కద బిడ్డా," అంది ఇక్బాల్ బీ. "నువ్వు చదువుకున్నోనివి. రాత మంచిగుండాలనుకున్నవు. ఆయన్ని ఒక్కమాట అడిగితే పోయేదేముండె?"

అతను ఏడ్చాడు. ఆమె ఊరుకోబెట్టలేదు.

అరుణమ్మ గొంతు సవరించుకుంది. "పాత గ్రూపు తీసేసినమక్కా. కొత్తది పెడ్తున్నం. ఎవరిని చేర్చుకోవాలె, ఎట్ల రాయాలె, కట్టుబాటు నువ్వు చెప్తే గదే పెడ్తం. నీ నంబరు కూడ ఇయ్యి."

ఇక్బాల్ బీ ఇద్దరి ముఖాలూ అనుమానంగా చూసింది. తర్వాత లోపలికి వెళ్లి ఒక ఫోన్ తెచ్చింది. అద్దం పగిలి ఉంది. పోలీసులు తిరిగి ఇచ్చిన దస్తగిరి ఫోన్.

"నాది కాదు, గీ నంబరు పెట్టుండ్రి. చేరేటోళ్లు ముందు పేరు చెప్పాలె, ఇల్లు చెప్పాలె. కండ్లతోని చూసిందే రాయాలె. విన్నదైతే విన్న మాటకు అక్షరం మార్చొద్దు. మనిషి మీద అనుమానమొస్తే, గ్రూపుల పెట్టేముందు ఆ మనిషినే అడగాలె, ఆయన జవాబు వినాలె. నేను గూడ ఆ పొద్దు సానబట్టేటోన్ని జవాబు చెప్పనియ్యలే. ఆయన పానంతోని ఇంటికి పోయిండు, నా అదృష్టం. ఏ మాట రాసినా ఈయన చూస్తున్నడనుకొని రాయుండ్రి."

అరుణమ్మ నంబరు కొట్టింది. పగిలిన అద్దం మీద వెలుగు వచ్చింది. గ్రూపులో కొత్తగా చేరినవారి చోట ఒక పేరు కనిపించింది: దస్తగిరి, మేకపిల్లల బేరం, కల్వకుర్తి.

అమ్మలారా, అయ్యలారా, మీ చేతిలోనూ ఫోన్ ఉంది. పంపే ముందు ఒక్కసారి అడగండి: రెండా, ఇద్దరా?

దస్తగిరి రెండు వేల పద్దెనిమిది మే నెలలో ఒక మంగళవారం పొద్దున ఇంటి నుంచి వెళ్లాడు. తిరిగి రాలేదు.