శనివారం నీళ్ళు

వాల్వు గుంతలో మోకాలి లోతు బురదలో ఒంగి, ఏసేపు పైపు అతుకుకు సైకిల్ ట్యూబు చుడుతున్నాడు. ఎంత బిగించినా నీళ్ళు పక్కనుంచి చిమ్ముతూనే ఉన్నాయి. తలెత్తి ఓర్వకల్లు గుట్టల వైపు చూశాడు. శుక్రవారం పొద్దు రాళ్ళ మీదికి దిగింది. పొద్దు గూకితే సబ్బాతు, అతని విశ్రాంతి దినం, మొదలు. ఇక రేపు పొద్దు గూకేదాకా అతను పనిముట్టు పట్టడు.

ఎండకు వీపు నల్లబడి, గోళ్ళలో తుప్పు ఇరుక్కుపోయిన మనిషి. ఊరికి నీళ్ళు వదలడం తప్ప వేరే పని ఎరగడు. ఊళ్ళో మిగతా క్రైస్తవులు ఆదివారం చర్చికి పోతే, ఏసేపు ఇంటివాళ్ళు తాతల నాటి నుంచీ శనివారం పోతారు. ఆ ఒక్కరోజు అతని బదులు స్నేహితుడు కాశన్న నీళ్ళు వదులుతాడు. ఆ మొండి వాల్వు వాళ్ళిద్దరి చేతికే తిరుగుతుంది మరి. కాశన్నకు శనివారం వెంకటేశ్వరస్వామి ఒక్కపొద్దు. "మనిద్దరిదీ ఒగటే దినం గదప్పా. నీది పనికి సెలవు, నాది కడుపుకు" అని నవ్వుతాడు.

కొత్త సర్పంచికి ఈ సర్దుబాటు నచ్చలేదు. ఇందాకే గట్టున నిలబడి, "రేపు నీళ్ళు రాకపోతే ఇంక నువ్వు పనికి రావద్దు. దేవుడు నీకొక్కనికే ఉండాడా?" అని పోయాడు. ఏసేపు నోరు విప్పితే పని పోతుంది, విప్పకపోతే మాట పడాలి. పడ్డాడు.

నీడలు గుంతలోకి వచ్చేశాయి. అప్పుడొచ్చాడు కాశన్న, ఛాతీ రుద్దుకుంటూ.

"ఏమప్పా, ఒళ్ళు బాగలేదా?" అన్నాడు ఏసేపు.

"గ్యాసులే. పొద్దు గూకుతాండాది, లెయ్."

"ఒగనివే యాడ బిగిస్తావు?"

"నీ దేవుని కాడ నాకు మాట తెచ్చిపెట్టొద్దు. పో అంటాంటే!"

ఏసేపు చేతులు కడుక్కుని, వెనక్కి చూడకుండా నడిచాడు. ఆ సాయంత్రం ప్రార్థనలో మనసు నిలవలేదు.

తెల్లవారి, తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చంకన పెట్టుకుని చర్చికి బయలుదేరినవాడు కాశన్న ఇంటి ముందు జనాన్ని చూసి ఆగిపోయాడు. కాశన్న రాత్రి నిద్రలోనే పోయాడట. శవానికి స్నానం చేయించాలి. వాకిట్లో బిందెలన్నీ ఖాళీ, కొళాయిలో చుక్క లేదు. జనం వెనక నిలబడ్డ ఏసేపును చూడక, అతన్ని అడుగుదామన్నారు ఎవరో.

కాశన్న భార్య హులిగెమ్మ ఏడుపు ఆపుకుని, "వద్దు. ఈపొద్దు వాళ్ళ దినం. మా ఆయప్ప బతికుండంగా ఈ దినం ఏసేపన్నకు పని చెప్పనీలేదు. ఇప్పుడు నేనెట్ల అడిగేది? పక్కూరి నుంచి తెండి" అంది.

ఆ మాటకు ఏసేపు గుండె చెరువైంది. దేవునికి ఏం చెప్పుకోవాలో తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు. బైబిలు అరుగు మీద పెట్టి, తెల్లచొక్కాతోనే పోయి గుంతలోకి దిగాడు. కాశన్న బిగించిన అతుకు చుక్క కూడా కారడం లేదు. బలమంతా పెట్టి వాల్వు తిప్పాడు. పైపులో నీళ్ళు కదిలిన చప్పుడు వినగానే అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

లేవబోతుంటే కనిపించాయి. గుంత గోడలో రాళ్ళ సందున, తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఏసేపు మాట మీద ఏనాడో మానేశానని కాశన్న చెప్పిన బీడీల కట్ట, అగ్గిపెట్టె.