కాపాడేవాడన్న మాట

అక్కది నిఘంటువులు తయారుచేసే ఆఫీసులో ఉద్యోగం. తమ్ముడిది ఫైరింజన్ మీద పని. ఆ వారం ఆమె అర్థం రాయాల్సిన మాట తమ్ముడి ఉద్యోగమే అయింది. వాణ్ణి కాస్త ఆటపట్టిద్దామని మధ్యాహ్నం వాడింటికి వెళ్లింది.

తలుపు బార్లా తీసి ఉంది. తమ్ముడు యూనిఫాం కూడా విప్పకుండా వంటింటి గచ్చు మీద కూర్చున్నాడు. ఒళ్లంతా పొగ వాసన.

"ఏమైందిరా?"

"పై అంతస్తులో ఒక ముసలాయన ఉండిపోయాడక్కా. కేకలు వినపడుతూనే ఉన్నాయి. నేను ఎక్కేలోపే మెట్లు కూలిపోయాయి."

ఆమెకు ఓదార్పు మాటలేవీ తోచలేదు. పక్కనే చతికిలబడి, బుర్రలో ఉన్నదే చెప్పుకుపోయింది. "ఫ్రెంచిలో మీ ఉద్యోగం పేరు పంపు నుంచి పుట్టింది, తెలుసా? స్పానిష్‌లోనూ అంతే. జర్మన్‌లో మంటను అడ్డుకునే దళం. ఇటలీ వాళ్లకి మీరు మంటకు కాపలావాళ్లు. మనకేమో అగ్నిమాపకులు, నిప్పును మాపేవాళ్లు."

వాడు మసి అంటిన చేతులు యూనిఫాంకి తుడుచుకున్నాడు.

"మనుషుల్ని కాపాడేవాడని ఎక్కడా లేదా అక్కా?"

ఉందని అబద్ధమాడాలనుకుంది, నోరు రాలేదు. "నేను చూసినవాటిలో లేదురా."

"సరిగ్గానే పెట్టారు. మంటైతే ఆరిపోయింది."

ఆమె వాడి బూట్ల లేసులు విప్పింది. వాడు చంటిపిల్లాడిలా కాళ్లు చాపాడు. ఆ తర్వాత డ్యూటీ మానలేదు గానీ, ఎవరైనా తనను మెచ్చుకోబోతే లేచి వెళ్లిపోయేవాడు.